మండే లోహంతో బండి చేయవచ్చునా?

పదవ తరగతిలో రసాయన చర్యల పాఠం మొదలుపెట్టినప్పుడు ప్రతి ఏడూ నేను చేసి చూపే మొదటి ప్రయోగం ఒకటే. మెగ్నీషియం రిబ్బను ముక్కను గరుకు కాగితంతో శుభ్రంగా రుద్ది, పట్టుకారుతో పట్టుకొని, స్పిరిటు దీపం మంటలో పెడతాను. "దాని వంక నేరుగా చూడకండర్రా" అని ముందే హెచ్చరిస్తాను. ఒక్క క్షణంలో గది అంతా కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని వెలుగు. తరువాత వాచ్ గ్లాసులో మిగిలేది చిటికెడు తెల్లని బూడిద, అంటే మెగ్నీషియం ఆక్సైడు.

మొన్న ఆ వెలుగు ఆరగానే వెనుక బల్లపై నుంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, కార్ల భాగాలూ, విమానాల భాగాలూ మెగ్నీషియంతో చేస్తారని చదివానండీ. ఇలా భగ్గుమనే లోహంతో బండి చేస్తే అందులో ఎవరు కూర్చుంటారండీ?"

"అది వట్టి మెగ్నీషియం కాదమ్మా, మిశ్రమ లోహం" అన్నాను. ఇంతలో గంట కొట్టారు. ఇంటికి వెళ్ళే దారిలో ఆలోచిస్తే నాకే సిగ్గు వేసింది. నేను చెప్పినది అబద్ధం కాదు. అయితే జవాబు కూడా కాదు. దేనితో మిశ్రమం? ఎంత పాళ్ళలో? మిశ్రమమైతే మండదా? అన్ని పనులకూ ఒకటే మిశ్రమమా? ఆ అమ్మాయికి ఆ రోజు చెప్పవలసిన జవాబునే ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

అసలు ఈ లోహం మీద అంత మోజు ఎందుకు?

ఒకే ఒక్క కారణం: తేలిక. ఒక ఘనపు సెంటీమీటరు ఇనుము 7.87 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో అల్యూమినియం 2.70 గ్రాములు, మెగ్నీషియం 1.74 గ్రాములు మాత్రమే. అంటే 10 కిలోల ఇనుప దిమ్మను అచ్చం అదే కొలతలతో అల్యూమినియంతో చేస్తే దాదాపు 3.4 కిలోలు, మెగ్నీషియంతో చేస్తే 2.2 కిలోలు. యంత్రాలు చేయడానికి మామూలుగా వాడే లోహాలలో ఇంతకంటే తేలికైనది లేదు. బండి బరువు తగ్గితే ఇంధనం ఆదా. విమానం బరువు తగ్గితే మరి కొంత సరుకు మోయవచ్చు.

దొరకడానికీ లోటు లేదు. సముద్రపు నీటిలో సగటున ఘనపు మీటరుకు 1.3 కిలోల మెగ్నీషియం ఉంది. 1941లో అమెరికాలోని టెక్సాస్ తీరాన ఫ్రీపోర్టులో డౌ కెమికల్ కంపెనీ సముద్రపు నీటి నుంచే దీనిని తీయడం ప్రారంభించింది. డోలమైటు రాయిలోనూ మెగ్నీషియం ఉంది. మన ఖమ్మం జిల్లా మాదారం గనుల డోలమైటు విశాఖ ఉక్కు కర్మాగారానికి వెళ్ళేది ఉక్కు తయారీలో మలినాలను తొలగించడానికి; అయితే అదే జాతి రాయిని కాల్చి, ఫెర్రోసిలికాన్‌తో కలిపి, గాలి లేని కొలిమిలో వేడి చేస్తే మెగ్నీషియం ఆవిరిగా బయటికి వస్తుంది. ఈ రోజు ప్రపంచంలో తయారయ్యే మెగ్నీషియంలో ఎక్కువ భాగం ఇలాగే, చైనాలో, తయారవుతోంది.

ఇంత తేలికైన, ఇంత విరివిగా దొరికే లోహాన్ని మరి అన్నిటికీ ఎందుకు వాడరు? ఎందుకంటే దీనికి నాలుగు బలహీనతలున్నాయి. శుద్ధమైన మెగ్నీషియం మెత్తన. చల్లగా ఉన్నప్పుడు సులభంగా వంగదు. వేడిలో నిలకడ తక్కువ. ఉప్పునీరు తగిలితే త్వరగా తినివేయబడుతుంది. ఒక్కొక్క మిశ్రమమూ వీటిలో ఒకటో రెండో బలహీనతలను సరిచేస్తుంది. నాలుగింటినీ ఒకేసారి, చవకగా సరిచేసే మిశ్రమం నేటివరకూ లేదు. ఎంపిక అనే సమస్య వచ్చేది ఇక్కడే.

రిబ్బను వేరు, దిమ్మ వేరు

ముందుగా మంట సంగతి. కొబ్బరి పీచుకు అగ్గిపుల్ల తగిలిస్తే వెంటనే అంటుకుంటుంది. కొబ్బరి మొద్దుకు అగ్గిపుల్ల తగిలిస్తే ఏమవుతుంది? పుల్ల ఆరిపోతుంది. రిబ్బనుకూ దిమ్మకూ ఉన్న తేడా అలాంటిదే. రిబ్బను పలుచన; దానికి తగిలిన వేడి పోవడానికి చోటు లేదు, గాలి తగిలే తలం మాత్రం ఎక్కువ. మందమైన దిమ్మలో ఒకచోట తగిలిన వేడి లోహమంతటా పాకిపోతుంది. మెగ్నీషియం 650 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. దిమ్మ అంటుకోవాలంటే అది దాదాపు కరిగే వరకూ కాగాలి.

అయితే ఒకసారి అంటుకుంటే మాత్రం ఆర్పడం కష్టం. నీళ్ళు పోస్తే ఆ వేడిలో నీటి నుంచి హైడ్రోజన్ విడుదలై మంట ఇంకా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడులో కూడా ఇది మండుతుంది. పొడి ఇసుక కప్పడమే మార్గం. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్ పరుగు పందెంలో ఒక మెర్సిడెస్ కారు మరో కారును తాకి, ప్రేక్షకుల వైపు ఎగిరింది. దాని శరీరం మెగ్నీషియం మిశ్రమంతో చేసినది. ఆ ప్రమాదంలో 80 మందికి పైగా చనిపోయారు. చాలామందిని బలిగొన్నవి జనంలోకి దూసుకుపోయిన యంత్ర భాగాలు. కానీ మిగిలిన బండికి మంటలంటుకున్నప్పుడు సహాయకులు నీళ్ళు చల్లితే అది మరింత భగ్గుమన్నది. కనుక ఎక్కడ, ఎంత మందంలో, ఏ మిశ్రమం వాడుతున్నామన్నది ప్రాణాలతో ముడిపడిన విషయం.

పేరు చదవడం నేర్చుకుందాం

మన పేర్లకు ముందు ఇంటిపేరు ఉన్నట్లే ఈ మిశ్రమాలకూ ఇంటిపేరు ఉంటుంది. ఉదాహరణకు ఏజెడ్91. ఇందులో "ఏ" అల్యూమినియం, "జెడ్" జింకు. తరువాతి అంకెలు వాటి పాళ్ళు: నూటికి సుమారు 9 వంతులు అల్యూమినియం, 1 వంతు జింకు. మిగిలినదంతా మెగ్నీషియమే. అలాగే "ఎం" అంటే మాంగనీసు, "ఎస్" సిలికాన్, "జె" స్ట్రాన్షియం, "కె" జిర్కోనియం, "డబ్ల్యూ" ఇట్రియం, "ఇ" అరుదైన మృత్తిక మూలకాలు. చివర మరో అక్షరం ఉంటే అది ఎన్నవ కూర్పో చెబుతుంది. ఏజెడ్91డి అంటే ఆ మిశ్రమం నాలుగవ కూర్పు.

ఈ మిశ్రమాలు ముఖ్యంగా రెండు కుటుంబాలు: అల్యూమినియం ఉన్నవి, జిర్కోనియం ఉన్నవి. జిర్కోనియం లోహపు రేణువులను సన్నగా చేసి బలాన్నిస్తుంది. మరి రెండూ కలిపి వేస్తే? పాలలో నిమ్మరసం పిండినట్లే! కరిగిన లోహంలో అల్యూమినియమూ జిర్కోనియమూ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఘనపదార్థంగా అడుగుకు దిగిపోతాయి. ఏదో ఒకదానినే ఎంచుకోవాలి.

పోతకు ఒకటి, దెబ్బకు మరొకటి

అల్యూమినియం ఎక్కువైతే కరిగిన లోహం నీళ్ళలా జారుతుంది. ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పంపితే సన్నని గోడలూ, మూలలూ చక్కగా నిండుతాయి. అందుకే పోత వస్తువులలో ఏజెడ్91 అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నది. కెమెరాల లోపలి చట్రాలు, కొన్ని ల్యాప్‌టాప్‌ల డొల్లలు, యంత్రాల పళ్ళచక్రాల పెట్టెలు దీనితో పోస్తారు.

దీని లోపం పెళుసుదనం. 10 సెంటీమీటర్ల కడ్డీని పట్టి లాగితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగేసరికే తెగిపోతుంది. కెమెరాకు ఇది చాలు. కానీ కారు స్టీరింగు చక్రం లోపలి చట్రానికి? ప్రమాదంలో డ్రైవరు ఛాతీ వచ్చి దానికే తగులుతుంది. అప్పుడది ముక్కలు కారాదు. వంగి, దెబ్బ శక్తిని తనలోకి తీసుకోవాలి. అందుకని అల్యూమినియంను 6 వంతులకు తగ్గించి, జింకును మానివేసి, కొద్దిగా మాంగనీసు చేర్చి ఏఎం60 తయారుచేశారు. ఇది తెగేలోగా అదే కడ్డీ 6 నుంచి 8 మిల్లీమీటర్లు సాగుతుంది. బలం కొంత తగ్గింది. కానీ తెగేముందు సాగే గుణం పెరిగింది. స్టీరింగు చక్రాలకూ, కారు సీట్ల చట్రాలకూ వాడేది ఇలాంటి మిశ్రమాన్నే. బలమైనదే ఎప్పుడూ మంచిదనుకోరాదని దీనివల్ల తెలుస్తుంది.

పేకముక్కల దొంతర

ఇక రేకులు కావాలంటే? అల్యూమినియం రేకును చేతితోనే వంచగలం. మెగ్నీషియం రేకును అలా మడిస్తే పగులుతుంది. కారణం పరమాణువుల అమరికలో ఉన్నది. మెగ్నీషియం స్ఫటికాలలో పరమాణువులు షట్కోణాకారంలో, పొరలు పొరలుగా అమరి ఉంటాయి. పేకముక్కల దొంతరను బల్లమీద పెట్టి పక్కకు నెట్టండి, సులభంగా జారుతుంది. నిలువుగా వంచాలని చూడండి, మొరాయిస్తుంది. మామూలు వేడిలో మెగ్నీషియం పొరలు జారడానికి ముఖ్యంగా ఆ ఒక్క తలమే ఉన్నది. అల్యూమినియం స్ఫటికాలలో అయితే జారే దారులు చాలా ఉన్నాయి.

లోహాన్ని 200 డిగ్రీలు దాటించి వేడి చేస్తే మెగ్నీషియంలోనూ మూసుకున్న దారులు తెరుచుకుంటాయి. కాబట్టి రేకులకు అల్యూమినియం 3, జింకు 1 ఉన్న ఏజెడ్31ను ఎంచుకొని, వేడి మీదనే వంచుతారు. సుత్తి దెబ్బలతో సాగగొట్టి బలమైన భాగాలు చేయాలంటే జింకు, జిర్కోనియం ఉన్న జెడ్‌కె60 వాడతారు. ఏ మిశ్రమం అన్నది వస్తువు చేసే పద్ధతిని బట్టి కూడా నిర్ణయమవుతుందన్నమాట.

బీటిల్ కారు నేర్పిన పాఠం

తాబేలు వీపులాంటి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారును మీలో కొందరు బొమ్మలలోనైనా చూసి ఉంటారు. దాని ఇంజను వెనుక భాగంలో ఉంటుంది. గాలితోనే చల్లబడే ఆ ఇంజను పెట్టె, గేరు పెట్టె మెగ్నీషియం మిశ్రమంతో పోసినవి. ఒక్కొక్క కారులో దాదాపు 20 కిలోల మెగ్నీషియం ఉండేది. సంవత్సరాలు గడిచిన కొద్దీ ఇంజను శక్తి పెంచారు. శక్తితోపాటు వేడీ పెరిగింది. అప్పుడొక చిక్కు వచ్చింది.

మీ ఇంట్లో పుస్తకాలు పేర్చిన చెక్క అలమర తట్టను చూడండి. మొదటి రోజున తిన్నగానే ఉంటుంది. అయిదారేళ్ళకు నడుమ కుంగుతుంది. ఏ ఒక్క రోజూ కొత్తగా బరువు పెట్టలేదు. ఉన్న బరువుకే మెల్లగా లొంగిపోయింది. వేడిలో, బిగింపులో ఉన్న లోహం కూడా ఇలాగే కనబడకుండా సాగుతుంది. దీనిని ఇంజనీర్లు క్రీప్ అంటారు. ఇంజను పెట్టెలో బోల్టు బిగించిన చోట మెగ్నీషియం ఇలా లొంగిపోతే బోల్టు బిగువు సడలుతుంది. బిగువు సడలితే నూనె కారుతుంది, ఇంజను చెడుతుంది.

దీనికి కారణం అల్యూమినియమే. పోతకు మేలు చేసిన ఆ అల్యూమినియమే మెగ్నీషియంతో కలిసి రేణువుల అంచుల వెంబడి ఒక సమ్మేళనంగా ఏర్పడుతుంది. ఆ సమ్మేళనం 460 డిగ్రీల దరిదాపులలోనే కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. అందుకే ఏజెడ్91 లాంటివి సుమారు 120 డిగ్రీలు దాటిన చోట ఎక్కువకాలం బిగువును నిలుపలేవు. 1970ల్లో ఫోక్స్‌వాగన్ ఇంజనీర్లు అల్యూమినియం తగ్గించి సిలికాన్ చేర్చిన ఏఎస్41, ఏఎస్21 మిశ్రమాల వైపు మళ్ళారు. సిలికానూ మెగ్నీషియమూ కలిసి ఏర్పడే సమ్మేళనం 1085 డిగ్రీల వరకు కరగదు. ఆ గట్టి రేణువులు లోహం జారకుండా మేకుల్లా పట్టి ఉంచుతాయి. మూల్యం ఏమిటంటే, అల్యూమినియం తగ్గిన కొద్దీ పోత పోయడం కష్టమవుతుంది.

2004లో బి.ఎం.డబ్ల్యూ. సంస్థ ఆరు సిలిండర్ల ఇంజనుకు స్ట్రాన్షియం కలిపిన ఏజె62 మిశ్రమాన్ని వాడింది. అప్పుడు కూడా లోపల సిలిండర్లూ, చల్లబరిచే నీరు తిరిగే దారులూ అల్యూమినియంతోనే చేసి, దాని చుట్టూ మెగ్నీషియం పోశారు. ఏ లోహం చేయగల పని దానికి అప్పగించారన్నమాట.

ఇంకా వేడి తట్టుకోవాలంటే ఇట్రియం, అరుదైన మృత్తిక మూలకాలు కలిపిన డబ్ల్యూఇ43 ఉన్నది. ఇది 250 డిగ్రీల వరకు నిలుస్తుంది. హెలికాప్టర్ల గేరు పెట్టెలలో వాడతారు. పైగా దీని తలం మీద ఏర్పడే ఆక్సైడు పొర దట్టంగా ఉండి, మంట అంటుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. విమానం సీట్లలో మెగ్నీషియం వాడరాదన్న నియమం చాలాకాలం ఉండేది. అమెరికా విమానయాన శాఖ నిజమైన మంటలతో పరీక్షలు జరిపించిన తరువాత, 2015లో సీట్ల ప్రమాణాన్ని సవరించి, నిప్పు పరీక్షలో నెగ్గిన మిశ్రమాలకు దారి తెరిచారు. డబ్ల్యూఇ43 అలా నెగ్గినదే. కానీ దీని ధర ఎక్కువ. ల్యాప్‌టాప్ డొల్ల కోసం ఎవరూ దీనిని కొనరు.

చిటికెడు ఇనుము

మా ఇంట్లో నీళ్ళు కాచే గీజరు ఒకటి ఉండేది. కొన్నేళ్ళకు తొట్టి చిల్లుపడి కారింది. మరమ్మతు చేసే అబ్బాయి లోపలి నుంచి సన్నని ఉక్కు తీగ ఒకటి బయటికి లాగి, "ఇది మెగ్నీషియం కడ్డీ మాస్టారూ. ఎప్పుడూ మార్చలేదా?" అని అడిగాడు. కడ్డీ అంతా కరిగిపోయి నడుమ ఉన్న తీగ మాత్రమే మిగిలింది! ఉక్కు తొట్టికి బదులు తాను కరిగిపోవడానికే ఆ కడ్డీని పెడతారు. అది అయిపోయాక తొట్టి వంతు వచ్చింది. సైన్సు మాస్టారినై ఉండి ఆ సంగతి పట్టించుకోలేదు.

మెగ్నీషియం ఎలక్ట్రాన్లను సులభంగా వదిలే లోహం. ఇనుము, రాగి, నికెల్ లాంటి లోహం దానిని తాకుతూ ఉండి, రెంటినీ ఉప్పునీరు తడిపితే, అదొక చిన్న విద్యుత్ ఘటం. అందులో కరిగేది ఎప్పుడూ మెగ్నీషియమే. గీజరులో ఇది మేలు, బండిలో కీడు. అందుకే మెగ్నీషియం భాగానికి ఉక్కు బోల్టు బిగించేటప్పుడు నడుమ తగిన అల్యూమినియం వాషరు వేస్తారు, నీరు నిలువని చోట బిగిస్తారు.

అయితే శత్రువు బయటే కాదు, లోపలా ఉండవచ్చు. మిశ్రమంలోనే ఇనుపరజను కలిసి ఉంటే? 1942లో డౌ కంపెనీకి చెందిన హనావాల్ట్, ఆయన సహచరులు ఈ విషయాన్ని పరిశోధించి ప్రకటించారు. ఇనుము, నికెల్, రాగి ఒక హద్దు లోపల ఉన్నంతవరకు లోహం బాగానే ఉంటుంది. హద్దు దాటగానే ఉప్పునీటిలో క్షయం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ హద్దు ఎంత చిన్నదో చూడండి. ఏజెడ్91డి మిశ్రమం 1,000 కిలోలలో ఇనుము 50 గ్రాములు, నికెల్ 20 గ్రాములు మించరాదు. కరిగిన లోహంలో కొద్దిగా మాంగనీసు వేస్తే అది ఇనుమును పట్టుకొని అడుగుకు దించుతుంది. 1980ల్లో ఇంత శుద్ధమైన మిశ్రమాలు మార్కెట్టుకు వచ్చిన తరువాతనే కారు తయారీదారులకు మెగ్నీషియం మీద మళ్ళీ నమ్మకం కుదిరింది.

కరగడమే వరమైన చోట

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకంలో బెల్జియం దేశపు శస్త్రవైద్యుడు లాంబోట్ ఒక కుర్రవాడి విరిగిన కాలికి మెగ్నీషియం పలకను ఉక్కు మేకులతో బిగించాడు. కొద్ది రోజులలోనే పలక కరిగిపోయి, చర్మం కింద వాయువు నిండింది. ఎందుకో మీరిప్పుడు చెప్పగలరు. మెగ్నీషియం, ఉక్కు, నడుమ ఉప్పగా ఉండే శరీర ద్రవం! ఘటం తయారైంది, హైడ్రోజన్ వెలువడింది.

లాంబోట్ ఆలోచన తప్పు కాదు, ఎంపిక తప్పు. ఎముక అతుక్కునే వరకు పట్టి ఉంచి, తరువాత తానే మెల్లగా మాయమయ్యే మర ఉంటే రెండవసారి కోసి దానిని తీయవలసిన పని లేదు. 2013లో డబ్ల్యూఇ43ను పోలిన మిశ్రమంతో జర్మనీలో చేసిన మరలకు ఐరోపాలో అనుమతి లభించింది. పక్కన ఉక్కు లేదు, లోపల మలినం లేదు. కాబట్టి నెమ్మదిగా, ఎముక పెరిగే తీరుకు తగినట్లుగా కరుగుతుంది. కారులో లోపమైనదే ఇక్కడ గుణమైంది.

నాలుగు ప్రశ్నలు

కనుక మంచి మిశ్రమం ఏది అని ఇంజనీరు అడగడు. నాలుగు ప్రశ్నలు వేసుకుంటాడు. ఆ వస్తువును పోస్తామా, వంచుతామా, సాగగొడతామా? అది దెబ్బను కాయాలా? ఎంత వేడిలో ఉండాలి? దానిని తాకే లోహమేది, తడిపే నీరేది? ఈ నాలుగింటికీ జవాబు రాసుకున్నాక ధర చూస్తాడు. సాధారణంగా అప్పటికి ఒకటో రెండో పేర్లే మిగులుతాయి. ఒక్కొక్కసారి ఏదీ మిగలదు; అప్పుడు అల్యూమినియమో ఉక్కో వాడతాడు. అది కూడా సరైన ఎంపికే.

మీరే చేసి చూడండి

మీ ఉపాధ్యాయుని సమక్షంలో, దగ్గరలో మంట లేకుండా చూసుకొని, రెండు గాజు గ్లాసులలో ఉప్పునీరు పోయండి. సమానమైన రెండు మెగ్నీషియం రిబ్బను ముక్కలను గరుకు కాగితంతో రుద్దండి. ఒకదానిని అలాగే ఒక గ్లాసులో వేయండి. రెండవదానికి శుభ్రం చేసిన రాగి తీగను గట్టిగా చుట్టి రెండవ గ్లాసులో వేయండి. బుడగలు ఏ గ్లాసులో ఎక్కువ? అవి రిబ్బను మీద వస్తున్నాయా, రాగి మీద వస్తున్నాయా? మరునాడు ఏ ముక్క ఎంత మిగిలింది? చూసినది చూసినట్లు నోటు పుస్తకంలో రాయండి.

మా తరగతిలో ఈ ప్రయోగాన్ని ప్రశ్న అడిగిన అమ్మాయి చేతనే చేయించాను. మరునాడు రెండవ గ్లాసు చూసి, "ఇప్పుడు తెలిసిందండీ. బండిలో కూర్చునేముందు అది ఏ లోహమని కాదు, ఏ మిశ్రమమని అడగాలి" అన్నది. ఆ మాటను నల్లబల్ల మీద రాసి, ఆ వారమంతా చెరపకుండా ఉంచాను.